నెదర్లాండ్స్‌కు బావి దారి

పోయిన నెల మా అపార్ట్‌మెంట్‌లోని ఈతకొలనులో, ఆడవాళ్లకు కేటాయించిన వేళలో దిగాను. అక్కడ నేర్పే అమ్మాయి గట్టు మీద నా వెంటే అటూ ఇటూ నడిచి, నేను మెట్లెక్కాక దగ్గరికొచ్చింది. "మేడమ్, మీది ఏ స్టైల్? కాళ్లు కప్పలాగా కొడుతున్నారు, బాగానే ఉంది. తల మాత్రం కొంగలాగా పైకెందుకు పెడుతున్నారు?" అని అడిగింది. "మా అవ్వ స్టైల్" అన్నాను. హాస్యమాడాననుకుని నవ్వి, ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయింది. నేను తువ్వాలు కప్పుకుని చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. అవ్వ పోయి కొన్నేళ్లయింది. ఆమె నేర్పిన ఈతకు పేరేమిటని అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. నేను ఇంటర్ చదువుతున్నాను. మా ఇల్లు నందికొండలో, నాగార్జునసాగర్ డ్యాము కట్టేటప్పుడు వేసిన క్వార్టర్ల వరసలో ఉండేది. తెల్లవారుతూనే వీధి చివర చేపల బుట్టల వాసన మొదలయ్యేది. దాని వెనకే మా అమ్మ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు, పెనం మీద పిండి మాడే వాసన. బాపు నీటిపారుదల శాఖలో లస్కరు. కాలువ గేట్లు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి పైవాళ్లకు చెప్పడం ఆయన పని. మిగతా సమయమంతా విజిల్ ఊదుకుంటూ, నీళ్లు కనబడగానే ప్యాంటు మడిచి దిగబోయే యాత్రికులను వెళ్లగొడుతూ ఉండేవాడు. ఏ చెరువు మాట వచ్చినా, ఏ బావి మాట వచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటే: "లోతెంత?" పెళ్లిచూపులకు వెళ్లొచ్చిన వాళ్లను కూడా పిల్ల ఎట్లా ఉందని కాక, ఆ ఊరి బావి లోతెంతని అడిగేవాడు.

బాపు తల్లి, మా అవ్వ, మాతోనే ఉండేది. పొద్దున్నే అందరికంటే ముందు స్నానం ముగించి, తల బిగించి కొప్పు వేసుకుని, వసారాలో వక్కాకు సంచి పక్కన పెట్టుకుని కూర్చునేది. ఇక ఇంట్లో నీళ్ల వాడకమంతా ఆమె అజమాయిషీలోనే. ఒక చెంబు ఎక్కువ పోసుకుంటే చప్పుడును బట్టి కనిపెట్టేది. "గింత పెద్ద సాగర్ పక్కనుండంగ గీ పిసినారితనమేంది అత్తా" అని అమ్మ అంటే, "సాగర్ నీ అయ్య కట్టిచ్చిండా" అనేది.

మా కాలేజీలో ఇంగ్లిషు చెప్పే మేడమ్ ఒక సంస్థకు నా పేరు పంపింది. పిల్లలను ఒక ఏడాది వేరే దేశంలో, అక్కడి కుటుంబం ఇంట్లో ఉంచి, అక్కడి బడిలో చదివించే సంస్థ అది. ఖర్చంతా వాళ్లదే. పరీక్షలు, ఇంటర్వ్యూలు అయ్యాక నన్ను తీసుకున్నట్టు కబురొచ్చింది. దేశం నెదర్లాండ్స్. 'స్టూడెంట్ ఎక్స్చేంజ్' అన్న మాటను ఇంట్లో విడమరిచి చెప్పడంతోనే నా తిప్పలు మొదలయ్యాయి.

"ఎక్స్చేంజ్ అంటే ఏందే?" అని అవ్వ అడిగింది.

"మార్పిడి, అవ్వా."

మా వీధికి అప్పుడప్పుడూ ఒకామె వచ్చేది, పాత చీరలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేది. అవ్వకు తెలిసిన మార్పిడి అదే. "మరి మన పిల్లను దీస్కొని ఆళ్లేమిస్తరు?"

"ఏమియ్యరు. ఆళ్ల పిల్లలు ఇంకో దేశం పోతరు."

"అంటే మనకేం రాదు."

"రాదు."

"గా గిన్నెలామెనే నయం" అని వక్క నోట్లో వేసుకుంది.

పక్క క్వార్టరులో ఉండే యాదగిరన్నది వేరే సందేహం. అప్పట్లో హైదరాబాదు రోడ్డు పొడవునా పొలాలు ప్లాట్లుగా మారుతున్నాయి, ఎవరి నోట విన్నా అదే ముచ్చట. "నెదర్ లాండా? ఏ రోడ్డుకున్నది? ఎకరం ఎంత జెప్తున్నరు?" అని బాపును పక్కకు తీసుకెళ్లి అడిగాడు. దేశమని తెలిశాక కూడా, "మంచిదే, ఎన్కకు రేటు వెరుగుతది" అన్నాడు.

ఒక సాయంత్రం మేడమ్ తన ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికే వచ్చింది, నేను ఉండబోయే ఇంటివాళ్లతో మాట్లాడించడానికి. బాపు ఇస్త్రీ చేయించిన ఖాకీ చొక్కా వేసుకుని, గేటు దగ్గర పెద్దసారు వచ్చినప్పుడు నిలబడినట్టే నిటారుగా కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టింది. పక్కింటివాళ్లు తలుపు కర్టెన్ వెనక చేరారు. కుర్చీ వద్దని అవ్వ నేల మీదే కూర్చుంది, అందుకని ల్యాప్‌టాప్ తెర కింది అంచున ఆమె కొప్పు ఒక్కటే కనబడుతోంది. అటువైపు ఇంటావిడ పేరు ఆనెకె. పొడుగు మనిషి, పెద్ద నవ్వు. ఆ కొప్పు చూసి, "మీకు పిల్లి ఉందా, ఎంత బాగుందో" అంది. ఆ సమయంలో వివరించే ఓపిక లేక ఉందన్నాను.

తిండి గురించి, బడి గురించి, చలి గురించి మాటలయ్యాక ఆనెకె అడిగింది. "మా ఇంటి వెనకే కాలువ ఉంది. మంజుల వచ్చిన వారంలోనే పిల్లలందరినీ పడవల క్యాంపుకు తీసుకెళ్తాం. ఈత వచ్చు కదా?"

నేను బాపుకు తెలుగులో చెప్పాను. బాపు నవ్వాడు. "సాగర్ల వుట్టిన పిల్లకు ఈతొస్తదా అని అడుగుతున్నరా? చేపపిల్ల అని చెప్పు."

నాకు ఈత రాదు. బాపుకూ రాదు. ఆయన ముఖంలోకి చూశాను. డ్యాము మొత్తం ఆయనే కట్టినంత నిబ్బరంగా ఉంది. "లైక్ ఎ ఫిష్" అని చెప్పాను. ఆనెకె చప్పట్లు కొట్టింది, కర్టెన్ వెనకవాళ్లు కూడా ఎందుకో తెలియకుండానే కొట్టారు.

మేడమ్ వెళ్లిపోయాక అమ్మ మొదలుపెట్టింది. "దీనికి ఈతేడొస్తది? బకిట్ల తల ముంచుమంటే దవాఖాన వాలైతది."

"నేర్చుకుంటది. ఇంక టైమున్నది" అన్నాడు బాపు.

"ఎవలు నేర్పుతరు, నువ్వా? గిన్నేండ్ల సంది డ్యాం మీద జేస్తున్నవ్, మోకాలు దాటి నీళ్లల్ల దిగినవా?"

"నా డ్యూటే నీళ్లల్ల ఎవ్వల్ని దిగనియ్యకపోవుడు."

"గట్లయితే నా మాటిను. ఇంటెనక కాల్వనంట, పడవలంట. ఈత రాకుంట నేను పిల్లను పంపియ్య. నువ్వన్న ఆళ్లకు నిజం జెప్పు, లేదంటె దీనికి ఈతన్న రావాలె."

నిజం చెబుదామని నేనూ అన్నాను. "అన్నంక అయిపాయె" అని బాపు ఖాకీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఇంట్లో ఎన్నో విషయాల్లో బాపు మాట నడిచేది గానీ, అమ్మ అట్లా గొంతు పెంచకుండా చెప్పిన మాటను ఎవరూ దాటలేదు. నా విదేశం ఈత మీద ఆగింది.

మర్నాటి నుంచే బాపు నేర్పడం మొదలుపెట్టాడు, నీళ్లు లేకుండా. ఫోన్‌లో ఈత వీడియోలు పెట్టి, నన్ను స్టూలు మీద బోర్లా పడుకోబెట్టి, "చెయ్యి ముందటికి, కాలు ఎన్కకు" అని విజిల్ ఊదేవాడు. స్టూలు ఒక కాలు పొట్టిది. నేను చెయ్యి చాపినప్పుడల్లా అది టకటకమని వీధంతా వినిపించేది. ఉప్పు అడగడానికి వచ్చిన యాదగిరన్న భార్య గుమ్మంలోనే ఆగిపోయి, "అయ్యో, పిల్లకు ఫిట్సొచ్చినయా? చేతుల తాళంచెయ్యి వెట్టుండ్రి" అంది. ఈత అని చెప్పాక, ఉప్పు సంగతి మరిచిపోయి వెళ్లి ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చింది. కొన్నాళ్లు మా వసారా సాయంత్రాలు టీవీ కంటే రద్దీగా ఉండేది.

అవ్వ ఒక మూల బియ్యంలో రాళ్లు ఏరుతూ ఇదంతా చూసేది. ఒకనాడు చేట కింద పెట్టి, "కాళ్లు గట్ల కత్తెర లెక్క ఆడియ్యకు. కప్ప లెక్క కొట్టు. మోకాళ్లు ఇడువు, దగ్గరికి గుంజు" అంది.

బాపు విజిల్ నోట్లోనే ఉండిపోయింది. "నీకెట్ల ఎర్కనే?"

"ఎర్కనే."

"ఈతొస్తదా నీకు?"

"కృష్ణల కొట్టేదాన్ని, మా ఊరి రేవుకాడ. ముందుగాల బర్రె తోక వట్టుకొని అవతలి ఒడ్డుకు పొయ్యేదాన్ని. ఎన్కకొచ్చేటప్పుడు బర్రె రాకపొయ్యేది. నేనొక్కదాన్నే వచ్చేదాన్ని."

అవ్వ పుట్టిన ఊరు డ్యాము నీళ్ల కింద పోయిందని మాకు తెలుసు. అది ఇంట్లో ఎవరూ కదపని మాట. బాపు మెల్లగా, "నాకెన్నడు చెప్పకపోతివి" అన్నాడు.

"నువ్వెన్నడన్న అడిగినవార? ఊళ్లల్ల బాయిలన్నిటి లోతడుగుతవ్" అని చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

సాగర్‌లో దిగడానికి బాపు ఉద్యోగమే అడ్డం. కాలువలో మగపిల్లల గోల. చివరికి దేవరకొండ అవతల మా మేనమామ ఊరికి పోవాలని అవ్వే నిర్ణయించింది. అక్కడ పొలంలో మెట్లున్న పెద్ద బావి, ఆ ఏడు వానలకు నీళ్లు పైదాకా వచ్చిన బావి. ఈ నిర్ణయానికి అమ్మ నోరు తెరిచింది. ఎందుకంటే అమ్మ పెళ్లిలో అవ్వ కూర్చున్న బంతికి మాంసం కూరలో ఎముకలే వచ్చాయట. అప్పటి నుంచి అవ్వ ఆ వియ్యాలవారి గడప తొక్కలేదు. ఎవరెంత బతిమాలినా, "మల్ల బొక్కలే వెడ్తరు" అనేది. ఇప్పుడు సంచిలో రెండు చీరలు సర్దుకుని బస్సెక్కింది. మామ ఆ రాత్రి ఒక్క బొక్క లేకుండా ఏరించిన కూర వండించాడు. అవ్వ తిని, "బొక్క లేకపోతె రుచేడిది" అంది.

పొద్దున్నే బావి దగ్గరికి వెళ్లాం. మామను దూరంగా కంది చేను గట్టు మీద, మాకు వీపు చేసి కాపలా కూర్చోబెట్టారు. మా అత్తమ్మ ఖాళీ నూనె డబ్బాలు మూతలు బిగించి నా వీపుకు కట్టింది. నడుముకు ఒక మోకు కట్టి కొస తన చేతికి చుట్టుకుంది. అవ్వ మెట్ల మీద కర్ర పట్టుకుని నిలబడింది. పంజాబీ డ్రెస్సు మీద డబ్బాలు కట్టుకుని దిగిన నన్ను చూసి అత్తమ్మ నవ్వాపుకోలేక మోకు వదిలేస్తే, అవ్వ ఆమెను కూడా కర్రతో అదిలించింది.

నీళ్లు పైన గోరువెచ్చగా, కాళ్ల దగ్గర ఐసులాగా ఉండేవి. నాచు వాసన, పక్క చేలో తడిసిన ఎరువు వాసన. నేను ముక్కులోంచి, చెవుల్లోంచి, నోట్లోంచి బావిని తాగాను. "తల ముంచకు" అని అవ్వ ఒకటే అరిచేది. "ఎంటికలు తడిస్తె ఇంట్ల తెలుస్తది."

"ఇంట్ల అందరికి ఎర్కనే గదా అవ్వా."

"అయినా ముంచకు" అంది అవ్వ. చిన్నప్పుడు తల్లికి తెలియకుండా నదికి పోయిన పిల్ల పాఠం అది, అందులోంచి ఒక్క ముక్క కూడా తీసేయడానికి ఆమె ఒప్పుకోలేదు.

నాకు కాస్త ధైర్యం వచ్చాక అత్తమ్మ మోకు విప్పేసి, డబ్బాలతోనే వదిలింది. ఒకనాడు సరిగ్గా బావి నడిమధ్యకు వచ్చినప్పుడు వీపు మీది ముడి ఊడింది. డబ్బాలు హాయిగా ఒకవైపు తేలిపోయాయి, నేను ఇంకోవైపు కిందికి పోయాను. పచ్చటి వెలుతురు, చెవుల్లో గుయ్యిమని చప్పుడు, పైన ఎక్కడో అత్తమ్మ కేక. నిజంగానే చచ్చిపోతున్నానని తెలిసింది. అంతలో పైనుంచి ఏదో పెద్దది దబ్బున పడింది. నా జడ ఎవరో పట్టుకుని గుంజారు. తల నీళ్లపైకి వచ్చేసరికి పక్కనే అవ్వ ముఖం. ఉబ్బిన చీర ఆమె చుట్టూ గంపలాగా తేలుతోంది. కర్ర ఎక్కడ పోయిందో, కొప్పు ఎప్పుడు ఊడిందో. తెల్లజుట్టంతా నీళ్ల మీద పరుచుకుంది.

"కొట్టు" అంది. "నేనున్న. కాళ్లు కొట్టు."

కొట్టాను. మెట్టు చేతికి తగిలేదాకా కొట్టాను. దగ్గుతూ పైకెక్కి కూర్చుని చూస్తే అవ్వ నా వెనక రాలేదు. బావి గోడ వెంట మెల్లగా, నీళ్లు కదిలీ కదలనట్టు ఒక చుట్టు తిరుగుతోంది. అరుపుకు పరిగెత్తి వచ్చిన మామ గట్టు మీద నిలబడిపోయాడు. "అత్తా, బయటికి రారాదు, జలుబు జేస్తది" అన్నాడు.

"నువ్వు అటు మల్లు" అంది అవ్వ. ఇంకో చుట్టు తిరిగింది. మామ బుద్ధిగా అటు తిరిగాడు. బట్టలు మార్చుకున్నాక, పెళ్లయి వచ్చిన ఊళ్లో బావి ఉండేది కదా, అక్కడెందుకు ఈదలేదని అడిగాను. "గాడ మా అత్తుండె" అంది, అంతే.

ఆ వారం చివర బాపు అమ్మను తీసుకుని పరీక్ష పెట్టడానికి వచ్చాడు. నేను డబ్బాలు లేకుండా ఈ మెట్ల నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ మెట్లకు తల తడవకుండా ఈదాను. అమ్మ తన కొంగుతోనే నా ముఖం తుడిచింది. ఒప్పుకున్నదనడానికి అదే గుర్తు. బాపు కళ్లు తుడుచుకుని, "లోతెంతుంటది బావా?" అని మామను అడిగాడు.

"దిగి సూడు" అంది అవ్వ.

"నాకు డ్యూటీ ఉన్నదే."

"ఇయ్యాల లీవు వెట్టినవు గద."

బాపు ప్యాంటు మడిచి, తరవాత ప్యాంటే విప్పి, మామ లుంగీ కట్టుకుని, అన్ని డబ్బాలూ తనకే కట్టించుకుని మూడో మెట్టు దాకా దిగాడు. రెండు చేతులతో మెట్టు పట్టుకుని, గడ్డం నీళ్లకు తగలగానే, "పైనుంచి చూస్తే ఒక తీరున్నది, లోపల ఇంకో తీరున్నది" అన్నాడు. ఇన్నేళ్లు గేట్లెత్తి నీళ్లు వదిలిన మనిషి మోకాలు దాటి నీళ్లలో దిగడం అదే మొదలు.

ఇక మిగిలింది బట్ట. ఈతకు వేసుకునేదంటూ ఆనెకె పంపిన ఫొటో చూసి అమ్మ ఫోన్ బోర్లా పెట్టేసింది. మా వీధి టైలరు షబానా ఆంటీ, "ఫికర్ చెయ్యకక్కా, నేను కుడత" అని, నీళ్లు పట్టదన్న ధీమాతో గొడుగుల నల్లగుడ్డ తెచ్చి మెడ నుంచి మడమ దాకా ఒక్కటే తొడుగు కుట్టింది. సూట్‌కేసులో పచ్చళ్ల సీసాలకు దెబ్బ తగలకుండా చుట్టింది దాన్నే.

పడవల క్యాంపు రోజు ఆ తొడుగు వేసుకుని, కళ్లు మూసుకుని, పడవ మీంచి దూకాను. గొడుగు గుడ్డలోకి గాలి చేరి బూరలాగా ఉబ్బింది. మునగమన్నా మునిగేదాన్ని కాదు. అయినా అవ్వ చెప్పినట్టే తల ఎత్తి, కప్పలాగా, ప్రాణం పెట్టి ఈదాను. కొంతసేపటికి పక్కన ఎవరో నడుస్తున్నట్టు అనిపించి చూస్తే ఆనెకె కొడుకు. నాతో పాటే నడుస్తున్నాడు. నీళ్లు అతని నడుము దాకా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. ఈదావా అని బాపు అడిగాడు. ఈదానన్నాను. లోతెంత అన్నాడు. నడుము దాకా అన్నాను. ఫోన్ చేతులు మారిన చప్పుడైంది. తరవాత అవ్వ గొంతు, "నిలవడకుంట కొట్టినవా?"

"నిలవడలే అవ్వా."

"మంచిగ జేసినవ్" అంది.

ఇప్పుడు నందికొండలో ఇంటికో పిల్ల జర్మనీ అనో కెనడా అనో పోతోంది. వాళ్లకు నా దగ్గరికి వచ్చి అడగాల్సిన సందేహాలేమీ లేవు. ఇంటివెనక ఏముందో, వీధి మలుపులో ఏ కొట్టుందో ముందే ఫోన్‌లో చూసి, నాకే చెబుతారు. మామ బోరు వేయించి బావి పూడ్చేశాడు. ఆ చోట ఇప్పుడు ట్రాక్టరు నిలబెడుతున్నాడు. పిల్లల ప్రయాణాలు మా కాలం కంటే తేలికయ్యాయి, అందుకు నాకు సంతోషమే. కానీ ఒక పిల్ల ఊరు దాటడానికి ఇంటిల్లిపాదీ తడవాల్సి రావడం, పాత అలకలు తీరడం, అందరూ కలిసి నవ్వులపాలు కావడం, ఆ మోత ఇప్పటి ఇళ్లలో వినబడదు. నెదర్లాండ్స్‌లో ఉన్న ఏడాది గురించి ఎవరైనా అడిగితే కొన్ని ముక్కల్లో చెప్పేస్తాను. పోవడానికి ముందున్న ఆ కొన్ని వారాలే ఎంత చెప్పినా మిగిలిపోతాయి.

ఏడాది తరవాత నేను తిరిగి వచ్చిన రోజు, కిరాయి జీపులో బాపు, అమ్మ, అవ్వ ముగ్గురూ విమానాశ్రయానికి వచ్చారు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు, కొండలు దాటి సాగర్ మొదటిసారి కనబడే మలుపు దగ్గర అవ్వ డ్రైవరును ఆపమంది. అందరం దిగాం. ఎండకు నీళ్లు తళతళమంటున్నాయి. ఆమె కొంగు సర్దుకుని, గడ్డంతో దూరంగా నీళ్ల నడుమకు చూపించింది. "అగో, గాడ మా ఇల్లు. దాని ముంగటనే రేవు" అంది. అంతకు ముందు ఎన్నడూ ఎవరికీ చూపించలేదు. ఎటు చూసినా ఒక్కలాంటి నీళ్లే. ఆమె చూపించిన చోటు ఏదో మాకు అంతుపట్టలేదు. అయినా అందరం అటే చూశాం.

బాపు చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత ఆయనకు తెలిసిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "గాడ లోతెంతుంటదే అమ్మా?"

"నాకేమెర్కర" అంది అవ్వ. "మేమున్నప్పుడు గాడ నీళ్లు లెవ్వు."